నీ ఉత్తరంలో ఆ అమ్మాయి మాట ఒక్కటీ లేదు

ప్రశ్న: అమ్మా, నాకు 26 ఏళ్లు. మాది కొత్తగూడెం దగ్గర పల్లె. నాన్న సింగరేణి బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను బీటెక్ అయ్యాక మూడేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నా. ఊరికి వచ్చినప్పుడల్లా పోడు భూముల మీద పనిచేసే ఒక సంఘంతో గూడేలు తిరుగుతా. అక్కడి జనం బాధ చూశాక గదిలో కూర్చుని కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టడం సిగ్గుగా ఉంటోంది. సంఘం అన్నలు పూర్తికాలం వచ్చెయ్యమంటున్నారు. ఉద్యోగంలో చేరితే ఆ యంత్రంలో నువ్వూ ఒక బోల్టువే అని ఒకన్న అన్నాడు. నాన్నేమో ఈ ఒక్క నోటిఫికేషన్ చూడు బిడ్డా అంటాడు. ఇంటర్ నుంచి నేనూ ఒక అమ్మాయీ ప్రేమించుకుంటున్నాం. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. కులాలు వేరు. వాళ్లింట్లో సంబంధాలు చూస్తున్నారు. భగత్‌సింగ్ పెళ్లి వద్దని ఇల్లు విడిచాడు, కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్యగారు పిల్లలే వద్దనుకున్నారు. నా బతుకు ఎటు పోతుందో నాకే తెలియనప్పుడు ఆమెను ఇందులోకి లాగడం అన్యాయం. దూరం జరగడమే నేను ఆమెకు చేయగల మేలు అనిపించి నాలుగు నెలలుగా ఫోన్లు తగ్గించాను. ఇంకా ముందుకెళ్లి, అడవిలోకి పోయినవాళ్ల గురించి కూడా రాత్రుళ్లు ఆలోచిస్తున్నా. నేను ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు

జవాబు:

బిడ్డా,

నీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన అచ్చయింది దాని సారం మాత్రమే. మూడుసార్లు చదివాను, మూడోసారి పెన్సిల్ పట్టుకుని. మీ నాన్న అన్న మాటలు ఐదు చోట్ల రాశావు. సంఘం అన్న మాటలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. గదిలో నీతో ఉండే కుర్రాడు ఏమన్నాడో కూడా రాశావు. ఆ అమ్మాయి నైట్ డ్యూటీ దిగి ఖమ్మం బస్టాండులో నీ కోసం గంటన్నర నిలబడిందని రాశావు గానీ, నువ్వు బస్సు దిగాక ఏమందో రాయలేదు. నాలుగు పేజీల్లో ఆమె నోటి మాట ఒక్కటీ లేదు.

ఉద్యోగమా సంఘమా అన్నదానికి తర్వాత వస్తాను. ముందు ఈ సంగతి తేలాలి. ఆమె జీవితం గురించి ఆమెను అడక్కుండానే నువ్వు తీర్పు చెప్పేశావు. పైగా దాన్ని ఆమెకు చేస్తున్న మేలు అంటున్నావు.

కోపంతో అనడం లేదు. ఇట్లా వెళ్లిపోయినవాళ్లనీ, వాళ్ల వెనక మిగిలిపోయినవాళ్లనీ దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి అంటున్నా.

నేను హనుమకొండలో చదువుకునే రోజుల మాట. 1978 ఎండాకాలం. ఎమర్జెన్సీ పోయి ఏడాది దాటింది. 1975 జులైలో గిరాయిపల్లి అడవిలో పోలీసులు కాల్చి చంపిన నలుగురు విద్యార్థుల పేర్లు మా హాస్టళ్లలో అందరికీ నోటికి వచ్చు. వాళ్లలో జనార్దన్ వరంగల్ ఆర్‌ఈసీలో, అంటే అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాడు. గ్రామాలకు తరలండి అని విద్యార్థి సంఘం పిలుపిస్తే సెలవుల్లో జట్లు జట్లుగా పల్లెలకు పోయారు పిల్లలు. ఆ సెప్టెంబర్ 7న జగిత్యాలలో కూలీలు, పేద రైతులు వేలమంది కదిలారు, జైత్రయాత్ర అన్నారు దాన్ని. తరతరాలుగా దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లు తలెత్తి నడిచిన రోజులవి. నీ వయసులో నాకూ ఆ గాలి సోకింది. అందుకే నీ మనసులో మంటను చిన్నచూపు చూడను.

నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు ఒక అబ్బాయిని ప్రేమించింది. ఆ ఎండాకాలం ఇద్దరూ పల్లెలకు వెళ్లి, ఇద్దరూ తిరిగి వచ్చారు. మరుసటి ఏడు అతను ఒక్కడే వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఒక ఇన్‌లాండు ఉత్తరం పోస్టు చేశాడు. "నా కోసం ఎదురుచూడకు. నీకు మంచి జీవితం ఉంది" అని ఆరేడు వరుసలు. ఆమె నా ముందే చదివి, మడతలు ఏమాత్రం తప్పకుండా మళ్లీ మడిచి, బియ్యం డబ్బా అడుగున పెట్టింది. అప్పట్లో గదులు సోదా చేసేవాళ్లు.

తర్వాత ఆమెకు జిల్లా పరిషత్ బడిలో టీచరుద్యోగం వచ్చింది. ఏడాదికి రెండుసార్లు బడికి పోలీసులు వచ్చేవాళ్లు. హెడ్‌మాస్టర్ గదిలో కూర్చోబెట్టి, కబురేమైనా వచ్చిందా అని అడిగేవాళ్లు. బయట వరండాలో పిల్లలు కిటికీలోంచి తొంగిచూస్తుండేవాళ్లు. అతను ఆమెకు ఏ బంధమూ లేదని రాసి వెళ్లాడు. పోలీసులు అట్లా అనుకోలేదు, ఆమె ఇంట్లోవాళ్లూ అనుకోలేదు. ఆమె అంతకన్నా అనుకోలేదు. పదకొండేళ్ల తర్వాత ఒకరోజు పేపర్లో అతని పేరు వచ్చింది. వాళ్ల ఊళ్లో ఎర్రరంగు స్తూపం కట్టారు, ఏటా పాటలు పాడారు. ఆ గుంపులో ఒక చివరన ఈమె నిలబడేది. ఎవరని అడిగితే చెప్పుకోవడానికి ఒక వరస కూడా లేదు.

నలభై దాటాక ఒకసారి నాతో అన్నది: "పోవద్దు అనేదాన్ని కాదే. అడిగితే బాగుండేది. నేనూ వస్తానందునేమో. రాను, నువ్వు పో అందునేమో. ఏదో ఒకటి నా నోటితో నేను అందును కదా."

నీ ఉత్తరం చదివినంతసేపూ నాకు ఆ బియ్యం డబ్బాయే కనపడింది.

నువ్వు తెచ్చిన ఉదాహరణలు చూద్దాం. భగత్‌సింగ్ పెళ్లి తప్పించుకోవడానికి ఇల్లు విడిచి కాన్పూర్ చేరిన మాట నిజమే, 1924 నాటి సంగతి. అది పెద్దలు కుదర్చబోయిన పెళ్లి. ప్రేమించిన పిల్లకు ఫోన్లు తగ్గించుకుంటూ రావడం దాంతో పోలదు. పైగా ప్రేమ గురించి ఆయన ఏమనుకున్నాడో రాతలోనే ఉంది. 1929 ఏప్రిల్‌లో, ఢిల్లీ అసెంబ్లీలో బాంబు వేయడానికి కొన్ని రోజుల ముందు, సుఖ్‌దేవ్‌కి రాసిన ఉత్తరం అది. సుఖ్‌దేవ్‌ను పట్టుకున్నప్పుడు పోలీసులకు దొరికింది. అందులో ఇటలీ విప్లవకారుడు మాజినీ సంగతి రాశాడు. మొదటి తిరుగుబాటు విఫలమై, చనిపోయిన సహచరుల తలపు భరించలేక పిచ్చివాడయ్యేలా ఉన్న మాజినీని నిలబెట్టింది ఆయన ప్రేమించిన స్త్రీ రాసిన ఒక్క ఉత్తరమట. ప్రేమ మనిషిని ఎత్తుకి తీసుకెళ్తుందని, అది పశుప్రవృత్తి కాదని స్నేహితుడితో వాదిస్తాడు అందులో. అప్పటికి ఆయన వయసు 21. చావుకు సిద్ధపడి కూర్చుని రాసిన మాటలు. ఆయన్ని నీ మౌనానికి సాక్షిగా పిలవకు.

సుందరయ్యగారు 1943లో లీలగారిని పెళ్లాడారు. ఆమె అప్పటికే బొంబాయిలో పార్టీ కేంద్ర కార్యాలయంలో పనిచేస్తున్న మనిషి. ఎటువంటి బతుకులోకి వస్తున్నదో తెలిసి వచ్చింది. పిల్లలు పుడితే పనికి అడ్డమని ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు, నిజమే. ఆ తర్వాత నలభై ఏళ్లు ఇద్దరూ కలిసి బతికారు, కలిసి పనిచేశారు. నువ్వు ఆ కథలోంచి వద్దనుకున్న ముక్క ఒక్కటే తీసుకుని, కలిసి నడిచిన ముక్క వదిలేశావు.

నీకు తెలియాల్సిన పేరు ఇంకొకటి ఉంది. కొండపల్లి కోటేశ్వరమ్మ. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టింది. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు, ఊహ తెలిసేలోపే భర్త పోయాడు. లోకం వితంతువని ముద్ర వేసిన ఆ పిల్లను కొండపల్లి సీతారామయ్య పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో అదే ఒక తిరుగుబాటు. ఆమె పార్టీలోకి వచ్చింది, ఊరూరా పాటలు పాడింది, నిర్బంధ కాలంలో అజ్ఞాతంలో పిల్లలకు దూరంగా బతికింది. తర్వాత సీతారామయ్య ఆమెను విడిచి వెళ్లిపోయారు. 1980లో పీపుల్స్‌వార్ అనే నక్సలైటు పార్టీని స్థాపించింది ఆయనే. ఆయన పేరు దేశమంతా తెలుసు.

ఆమె ఏం చేసిందో చూడు. ముప్పై అయిదు దాటిన వయసులో హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభలో చేరి, చిన్నపిల్లల మధ్య కూర్చుని మెట్రిక్ చదివింది. కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా ఉద్యోగం చేసింది. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు ఉద్యమంలోకి వెళ్లి తిరిగి రాలేదు. డాక్టరైన కూతురు, భర్త పోయిన దుఃఖంలో ప్రాణం తీసుకుంది. మనవరాళ్లను పెంచింది. తొంభై దాటాక తన కథ తానే రాసుకుంది, 'నిర్జన వారధి' పేరుతో 2012లో వచ్చింది. నువ్వు అశోక్‌నగర్‌లో ఉన్నావు కాబట్టి నడిచి వెళ్లి కొనుక్కోవచ్చు. సీతారామయ్య చివరి రోజుల్లో ఆమెను చూడాలని కబురు పంపితే, మొదట ఆమె ఒప్పుకోలేదు. 2018లో నూరేళ్ల వయసులో విశాఖపట్నంలో కన్నుమూసింది.

ఆమె ఎక్కడా ఉద్యమం తప్పని అనలేదు. చివరిదాకా ఎర్రజెండా మీద ఇష్టం పోలేదు. ఆమె బాధ వేరు. అన్నీ కలిసి మొదలుపెట్టిన మనిషి, ఆమె బతుకును తలకిందులు చేసే నిర్ణయం తనొక్కడే తీసుకున్నాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన ఆడవాళ్లకూ ఇదే జరిగింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించాక, ఇక ఇళ్లకు పొమ్మన్నారు. ఆ తర్వాత ఏం చేసి బతకాలో వాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ. నువ్వు ఏ మార్పు కోసం తపిస్తున్నావో ఆ మార్పులో ఇది కూడా ఒక భాగం, బిడ్డా. మన దగ్గర ఎక్కువసార్లు వెనక్కి నెట్టిన భాగం.

ఇంకొక సంగతి నొప్పిగా ఉంటుంది, అయినా రాస్తాను. కులాలు వేరు అని రెండు ముక్కల్లో రాసి దాటేశావు. గూడేలకు పోయి సమానత్వం గురించి మాట్లాడుతున్నావు. ఆమె పేరు మీ అమ్మ దగ్గర ఎప్పుడైనా ఎత్తావా? నీ ఉత్తరాన్ని బట్టి లేదనే అనుకుంటున్నా. అడవిలోకి పోవడం గురించి రాత్రుళ్లు ఆలోచిస్తున్న నీకు మీ వంటింట్లో ఆ మాట అనడం కష్టంగా ఉందంటే, ఆమెకు దూరం జరగడంలో త్యాగం ఎంతో, ఆ గొడవను తప్పించుకోవడం ఎంతో నువ్వే తూచుకో. ఇద్దరూ కావాలనుకుంటే ప్రత్యేక వివాహ చట్టం 1954 నుంచీ ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముగ్గురు సాక్షులు కావాలి.

అడవి మాట. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు, పోవద్దు. గత ఏళ్లలో పోయినవాళ్ల నిజాయితీని నేను శంకించను. నా తరంలో చాలా చురుకైన పిల్లలు పోయారు. నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటలో పుట్టి, వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివినవాడు. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవిలో చనిపోయేనాటికి మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి. శవం ఇవ్వమని ఇంటివాళ్లు హైకోర్టుకెక్కారు. శవం ఊరు చేరలేదు. అటు పోలీసు తూటాకూ, ఇటు ఇన్‌ఫార్మర్ అన్న ముద్రకూ మధ్య ఎక్కువగా చచ్చింది మాత్రం, ఎవరి కోసమని అందరూ చెప్పుకున్నారో ఆ ఆదివాసీలే. తుపాకీ పట్టినవాడు తన ప్రాణం ఒక్కటే పణంగా పెడుతున్నాననుకుంటాడు. ఊళ్లో తల్లి, చెల్లెలు, ఒకపూట అన్నం పెట్టిన గూడెం, అందరి ప్రాణాలూ అందులో ఉంటాయి. వాళ్లనూ ఎవరూ అడగరు. ఈ ఆలోచన రాత్రుళ్లే వస్తోందని రాశావు. నిద్ర లేక వస్తోందేమో చూసుకో. నాలుగు నెలలుగా మనసు విప్పి మాట్లాడే మనిషిని నీకు నువ్వే లేకుండా చేసుకున్నావు కదా. మనసు మరీ బరువెక్కితే నమ్మకమైన మనిషితో చెప్పుకో, అవసరమైతే డాక్టరుకు చూపించుకో.

ఇక ఉద్యోగం, సంఘం. ఇక్కడ నీకు తీపి మాటలు చెప్పను. ప్రభుత్వోద్యోగంలో చేరాక రాజకీయ సంస్థల్లో ఉండకూడదు, ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. సంఘంలో తిరిగేటప్పుడు నీ మీద కేసు పడితే ఉద్యోగం వచ్చాక నీ గతం వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో రాయాలి, దాస్తే ఉద్యోగమే పోవచ్చు. కాబట్టి ఈ రెండూ ఒకేసారి నడవవు. ఒకదాని తర్వాత ఒకటి నడవొచ్చు. ఏది ముందన్నది నీ ఇష్టం. కానీ ఉద్యోగస్తుడు బోల్టు అన్న మాట నేను ఒప్పుకోను. ఎస్.ఆర్.శంకరన్ ఐఏఎస్ అధికారి. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చాక ఆ కాగితాన్ని పట్టుకుని పల్లెలకు తిరిగి జీతగాళ్లను విడిపించిన మనిషి. రిటైరయ్యాక ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరగాలని ఏళ్ల తరబడి తిరిగారు, 2004లో చర్చలు జరిగాయి కూడా. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఇటు బాలగోపాల్‌ను చూడు. వరంగల్ ఆర్‌ఈసీలో గణితంలో డాక్టరేట్, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు. 1985లో ఉద్యోగం వదిలి పౌరహక్కుల పనిలో పడ్డారు. తర్వాత లా చదివి, కోర్టులో పేదవాళ్ల కేసులు వాదించారు. పోలీసు హింసను ఎంత గట్టిగా ప్రశ్నించారో, విప్లవకారుల హింసనూ అంతే గట్టిగా ప్రశ్నించారు, పాత స్నేహాలు తెగిపోయినా. ఒకాయన ఉద్యోగంలో ఉండి చేశారు, ఒకాయన మానేసి చేశారు. ఇద్దరికీ చేతిలో ఒక పని వచ్చు.

నీకు ఏ పని వచ్చో నీ ఉత్తరంలో వెతికాను. ఒకచోట ఉంది, నువ్వే గమనించలేదు. ఒక ముసలమ్మ పోడు దరఖాస్తు తిరస్కరించారని, ఆమెకు ఆ కాగితంలో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదని, నువ్వు చదివి చెప్పావని రాశావు. ఆ పేరాలో నీ చేతిరాత కూడా మారింది, కుదురుగా ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు. దరఖాస్తు గ్రామసభ నుంచి డివిజన్ కమిటీకి, అక్కడినుంచి జిల్లా కమిటీకి పోతుంది. కింద కాదంటే 60 రోజుల్లోగా పైకి అప్పీలు చేసుకోవచ్చు. 2023లో తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు, అయినా గూడేల్లో మిగిలిపోయినవాళ్లు ఎంతమందో నువ్వు నాకంటే ఎక్కువ చూశావు. తిరస్కరించిన కాగితం చేతికే ఇవ్వకపోతే ఆ 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో ముసలమ్మకు ఎట్లా తెలుస్తుంది? నువ్వు మూడేళ్లు బట్టీ పట్టిన రాజ్యాంగం, పాలన, చట్టాలు అక్కడ పనికొస్తాయి. అది ఆర్డీవో ఆఫీసులో కుర్చీలో కూర్చుని చేస్తావో, నల్లకోటు వేసుకుని చేస్తావో, సంఘం కార్యకర్తగా ఆ ముసలమ్మ పక్కన నిలబడి చేస్తావో తేల్చుకోవడానికి నీకు టైముంది. గ్రూప్స్ వయోపరిమితికి నువ్వింకా దూరంగానే ఉన్నావు. గూడెం ఎక్కడికీ పోదు. టైము లేనిది ఆ అమ్మాయి విషయంలోనే. మాఘమాసం ముహూర్తాలు ఎవరి కోసమూ ఆగవు.

మీ నాన్నకు మాత్రం ఒకమాట ఇవ్వు. ఇన్ని నోటిఫికేషన్లు రాస్తాను, ఆ తర్వాత మీరు పైసా పంపొద్దు అని తేదీతో సహా చెప్పు. బాయిలో దిగినవాడు, తేదీ చెబితే తట్టుకుంటాడు.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది ఖమ్మం బస్సెక్కడం. ఫోన్లో వద్దు. ఆమె నైట్ డ్యూటీ అయ్యే పొద్దున పో. ఈసారి ముందుగా వెళ్లి నువ్వే నిలబడు. రాత్రంతా మేలుకున్న మనిషి, ముందు ఇడ్లీ తిననివ్వు. నాలుగు నెలలుగా మాటలు ఎందుకు తగ్గించావో దాచకుండా చెప్పు. గూడేల సంగతి, సంఘం సంగతి, రాత్రి ఆలోచనల సంగతి కూడా చెప్పు. జీతం లేని ఏళ్లు ఉండొచ్చని, కేసులు పడొచ్చని, ఇంట్లో పెద్ద గొడవ అవుతుందని చెప్పు. తర్వాత నోరు మూసుకుని కూర్చో. ఆమె కోప్పడుతుంది, కోప్పడనివ్వు. నాకు వద్దు అంటే అది ఆమె ఇష్టం, బతిమాలకు. ఆమెకు వచ్చే జీతంతో ఇల్లు నడుస్తుంది, నువ్వు నీ పని చూడు అని కూడా అనొచ్చు. ఆమె నర్సు, బిడ్డా. చావుబతుకుల మధ్య రాత్రుళ్లు గడిపే మనిషి. నీ కష్టాల జాబితా విని కళ్లు తిరిగి పడిపోదు. ఆమెకే ఏదో ఆశ ఉండొచ్చు, పై చదువో, వేరే ఊళ్లో పెద్దాస్పత్రో. నీ త్యాగం గురించి నాలుగు పేజీలు రాశావు గానీ ఆమె ఏమవ్వాలనుకుంటున్నదో నాకు తెలియలేదు. నీకు తెలుసో లేదో కూడా తెలియలేదు. అది అడుగు.

అడిగి వచ్చాక మళ్లీ రాయి. ఆమె ఏమందో ఆమె మాటల్లోనే రాయి.